మేనేజరు కావలెను

జూన్ 3

చిట్టీ,

మేమంతా బాగున్నాం అని మొదలుపెడదామనుకున్నాను. పెన్ను ఒప్పుకోలేదు.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. మా హోటల్లో కౌంటరుకీ పొయ్యికీ మధ్య ఉన్నది ఒక్క చెక్క గోడ. నేను హలో అన్నానంటే అవతల మీ అన్నయ్య గరిటె ఆగిపోతుంది. ఇంటికి వెళ్ళాక మాట్లాడదామంటే నువ్వు పాల కేంద్రంలో డ్యూటీలో ఉంటావు, ఆ మిషన్ల రొదలో నేను అరిచినా నీకు వినపడదు. అందుకని ఈ కాగితం.

సంగతేమిటంటే, పోయిన వారం తనిఖీ ఆయన వచ్చాడు. ఫ్రిజ్‌లు తెరిచి చూశాడు, చెత్తబుట్టకి మూత ఉందా అని చూశాడు, అంతా బాగుందన్నాడు. మీ అన్నయ్య చేసిన కోడికూర కూడా తిని వేళ్ళు నాక్కున్నాడు. వెళ్తూ వెళ్తూ పిడుగులాంటి మాట అన్నాడు. ఇకనుంచి ప్రతి హోటల్లోనూ ఫుడ్ సేఫ్టీ మేనేజర్ సర్టిఫికెట్ ఉన్న మనిషి ఒకరు ఉండి తీరాలట. క్లాసులకి వెళ్ళాలి, పరీక్ష పాసవ్వాలి. సెప్టెంబరు ఆఖరుకి ఆ కాగితం చూపించకపోతే లైసెన్సు తిరగరాయరు. అంటే షట్టరు దించుకోవడమే.

వంట చేసేది మీ అన్నయ్య. కాబట్టి పరీక్ష రాయాల్సింది ఆయన. ఇందులో వాదన ఏముంది చెప్పు? ఆయనేమో ససేమిరా అంటున్నారు. ఎందుకని అడిగితే, ఉల్లిపాయల బుట్ట ముందుకి లాక్కుని తరుక్కుంటూ కూర్చుంటారు. నేను ఎన్నిసార్లు అడిగితే అన్ని ఉల్లిపాయలు. నిన్న వచ్చినవాళ్ళందరికీ అడక్కుండానే ఉల్లిపాయలు వడ్డించాల్సి వచ్చింది.

వీధి మొదట్లో నిలబడి చివరింట్లో ఏం మాడిందో చెప్పే ముక్కు ఆయనది. మూత తీయకుండానే కూరలో ఉప్పు చాల్లేదని చెప్తారు. తినడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ నేను చెప్పుకునేది ఆ ముక్కు గురించే. అలాంటి మనిషికి ఈ పరీక్ష ఒక లెక్కా? నువ్వు ఒకసారి చెప్పు. నేను చెప్తే సణుగుడు, నువ్వు చెప్తే సలహా. మీ వంశం అంతా అంతే.

నా మోకాలు అలాగే ఉంది. అడిగినందుకు సంతోషం, అడగకపోయినా చెప్తున్నా.

నీ వదిన

జూన్ 11

వదినకి,

నీ మోకాలి గురించి అడగబోతుండగానే ఉత్తరం వచ్చింది. నిజం.

అన్నయ్యతో మాట్లాడాను. బజారుకి వెళ్ళినప్పుడు వాడే ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడుకున్నాం. వదినా, ఒక మాట చెప్తాను, కోప్పడకు. ఆ పరీక్ష నువ్వే రాసెయ్. అన్నయ్యని వదిలెయ్.

చదువులో నువ్వే కదా ముందు. పెళ్ళిచూపుల్లో మీ నాన్నగారు నీ మార్కుల కాగితం చూపించి మా అందరి పరువూ తీశారు, గుర్తుందా. అన్నయ్యకి పుస్తకం అంటే చిన్నప్పటి నుంచీ గిట్టదు. పైగా ఆ పరీక్షలు మనం అనుకున్నంత తేలిక కాదు. నన్ను పాలు పరీక్షించే పనిలోకి తీసుకునేటప్పుడు ఏం చేశారో తెలుసా? చిన్న చిన్న సీసాలు వరసగా పెట్టారు. మూత తీసి వాసన చూసి, ఇవి మంచివి, ఇవి విరగబోతున్నవి, ఇవి పశువుకి జబ్బు చేసినప్పటివి అని చెప్పాలి. చెప్పలేనివాళ్ళని క్యాన్లు తూకం వేసే వైపు పంపేశారు. ఈ పరీక్షలో కూడా అలాంటివే ఉంటాయి, తిండి మంచీ చెడూ చూసే పరీక్ష కదా. అన్నయ్యతో కూడా అదే చెప్పాను.

నా గదిలో కొత్తమ్మాయి చేరింది. నిద్రలో లెక్కలు చెప్తుంది. క్యాన్ల లెక్కే.

నువ్వే రాయి వదినా. ఎందుకని అడక్కు.

నీ ఆడపడుచు,
చిట్టి

జూన్ 20

చిట్టీ,

సరే. అన్నాచెల్లెళ్ళు కూడబలుక్కుని భారం నా నెత్తిన పెట్టారు, మోస్తాను. పొద్దున్న కౌంటరు, మధ్యాహ్నం కౌంటరు, ఆ రెంటికీ మధ్య ఇప్పుడు క్లాసు. మోకాలు పట్టుకుని రెండో అంతస్తు ఎక్కుతున్నాను. అక్కడ నా పక్కన కూర్చునేది బేకరీ ఆయన. పాఠం మొదలవగానే కునుకు తీస్తాడు, టీ అనగానే లేస్తాడు.

పాఠం చెప్పే మేడమ్ మంచిదే కానీ, ఆవిడ నోరు తెరిస్తే సూక్ష్మజీవులు తప్ప ఇంకేం రాలవు. ఐదు డిగ్రీలకీ అరవై డిగ్రీలకీ మధ్య తిండిని వదిలేస్తే అవి సంతానం పెంచుకుంటాయట. మొదటి రోజు ఇంటికొచ్చి అన్నం గిన్నె ముందు కాసేపు అలా చూస్తూ కూర్చున్నాను. మీ అన్నయ్య వచ్చి ఏమైందన్నారు. లోపల జనాభా పెరుగుతోందన్నాను. నవ్వారు. చాన్నాళ్ళకి నవ్వారు, అది మాత్రం చెప్పాలి.

ఆ నవ్వు చూసి నేను ధైర్యం చేశాను. నువ్వు చెప్పిన సీసాల పరీక్ష నా గుండెల్లో కూర్చుంది కదా. నా ముక్కు సంగతి నీకు తెలిసిందే, సాంబ్రాణికీ సిగరెట్టుకీ తేడా చెప్పలేను. అందుకని నిన్న మధ్యాహ్నం జనం పలచబడ్డాక గ్లాసుల్లో పాలు పోసి వరసగా పెట్టాను. ఇవాళ్టివి, నిన్నటివి, మొన్నటివి, ఎండలో పెట్టినవి. మీ అన్నయ్యని పిలిచి, కాస్త నేర్పండి, ఏది ఏదో వాసన చూసి చెప్పండి, నేను పక్కనే ఉండి నేర్చుకుంటాను అన్నాను.

ఆయన ఆ గ్లాసుల వంక చూశారు. నా వంక చూశారు. ఒక్కో గ్లాసూ తీసి సింకులో వంచేశారు, మంచి పాలతో సహా. అప్రాన్ విప్పి మేకుకి తగిలించి బయటికి వెళ్ళిపోయారు.

నేర్పితే అరిగిపోతుందా ఆ ముక్కు? ఇన్నేళ్ళ కాపురంలో నేను ఆయన్ని అడిగిందే తక్కువ. పరీక్ష నేను రాయాలి, సాయం కూడా చెయ్యరు. నేను మేనేజరైతే తన పెత్తనం పోతుందని కాకపోతే ఇంకేమిటి? నువ్వే చెప్పు.

నీ వదిన

జూన్ 27

వదినా,

నీకు దణ్ణం పెడతాను, అన్నయ్య ముందు మళ్ళీ గ్లాసులు పెట్టకు. పాలవే కాదు, ఏవీ పెట్టకు. వాసన నేర్పమని అసలు అడక్కు.

పెత్తనం గురించి కాదు. వాడు అలాంటివాడు కాదని నాకంటే నీకే బాగా తెలుసు. ఇంతకంటే ఎక్కువ రాయలేను. నీ మాట వినబోతే వాడికి కోపం, వాడి మాట వినబోతే నీకు కోపం. మీ ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా బతుకు.

ముక్కు గురించి బెంగ వద్దు. రోజూ పొద్దున్నే ఏమీ తినకుండా నాలుగు రకాలు వాసన చూస్తూ ఉండు, అదే అలవాటవుతుంది. మాకు అలాగే నేర్పారు.

క్యాన్ల లెక్కలు చెప్పే అమ్మాయి ఇప్పుడు నిద్రలో నన్ను తప్పు పడుతోంది.

చిట్టి

జూలై 15

చిట్టీ,

తప్పాను. ముందు ఆ ముక్క రాసేస్తే నాకు నిమ్మళం.

నీ సీసాలు ఏవమ్మా? ఎక్కడున్నాయి? నేను ఏమీ తినకుండా వెళ్ళాను, నువ్వు చెప్పావు కదా అని. తలకి నూనె రాసుకోలేదు, సబ్బు వాసన అడ్డొస్తుందని ఉత్త నీళ్ళు పోసుకుని వెళ్ళాను. అక్కడ కుర్చీ, బల్ల, ఒక ప్రశ్నపత్రం. అన్నీ రాతే. సరైన జవాబు పక్కన టిక్కు పెట్టాలి. వాసన చూడాల్సింది ఏమైనా ఉందా అని అడిగితే ఆ హాల్లో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. బేకరీ ఆయన కూడా నిద్ర లేచాడు.

ఇన్నాళ్ళూ డిగ్రీలూ గంటలూ చదవాల్సిన టైములో నేను చద్దికూరల మీద ముక్కు పెట్టుకుని కూర్చున్నాను. పైగా ఒక ప్రశ్న ఇచ్చారు. వండిన పదార్థం తినడానికి పనికొస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి అని. అనుభవం ఉన్న వంటమనిషి వాసన చూసి చెప్పగలడు అన్నదానికి టిక్కు కొట్టాను, గర్వంగా. అది తప్పట. తర్వాత మేడమ్ కూర్చోబెట్టి చెప్పింది. మనిషిని మంచాన పడేసే క్రిములు చాలావాటికి వాసనే ఉండదట. కంపు కొట్టకపోయినా చెడిపోయి ఉండొచ్చట. ముక్కుని నమ్మితే మునిగినట్టే, తేదీని నమ్మాలి, థర్మామీటరుని నమ్మాలి అంది. ఇంటికొచ్చి ఆ మాట మీ అన్నయ్యకి చెప్పలేదు. ఆయన ముక్కుని నేనే తీసిపారేసినట్టు ఉంటుందని.

ఆగస్టు ఆఖర్లో మళ్ళీ రాయాలి. అది పోతే ఇక గడువు లేదు.

ఇంకో సంగతి. నిన్న నేను క్లాసు నుంచి వచ్చేసరికి వంటగదిలో ఎవరో ఒక పొడుగాటి మనిషి నిలబడి పొయ్యి కొలతలు చూస్తున్నాడు. ఎవరని అడిగితే వంటాయన అన్నారు మీ అన్నయ్య. మనకి ఇంకో వంటాయన ఎందుకండీ అంటే, చూద్దాం అన్నారు. ఏం చూస్తారు? నీకేమైనా తెలుసా?

కోపం మీద ఉన్నాను కాబట్టి ఉంటాను.

వదిన

జూలై 22

వదినా,

సీసాల విషయంలో తప్పు నాదే. మా దగ్గర పరీక్షంటే సీసాలే, ఇంకోలా ఉంటుందని నా బుర్రకి తట్టలేదు. అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను, అందులో వాసనలేమీ ఉండవట అని. ఇప్పుడు చెప్పి ఏం లాభం అన్నాడు.

ఆ వంటాయన విషయంలో గొడవ పెట్టుకోకు. రానీ. అన్నయ్య అలిసిపోయాడు వదినా. కొన్నాళ్ళు పొయ్యి దగ్గర ఇంకొకరు నిలబడితే వాడికి మంచిదే.

పరీక్ష బాగా చదువు. హోటలు నిలబడాలంటే ఇప్పుడు నువ్వే.

చిట్టి

ఆగస్టు 5

చిట్టీ,

అలిసిపోయాడట. మరి నేనో? నేనేమైనా ఉయ్యాల్లో కూర్చుని ఊగుతున్నానా?

నీకన్నీ తెలుసు. ఎవరు వస్తున్నారు, ఎవరు పోతున్నారు, అంతా నీకు ముందే తెలుసు. కట్టుకున్నదాన్ని, నాకు తెలియదు. ఆ పొడుగాయన రోజు విడిచి రోజు వస్తున్నాడు. మీ అన్నయ్య వాడికి ఏ కూరలో ఏది ఎప్పుడు వెయ్యాలో చెప్తున్నారు. నేను దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోతాయి. నేను కూరలో థర్మామీటరు పెడితే మాత్రం, పోలీసులొచ్చారు జాగ్రత్త అని వాడితో అంటారు. వాడు నవ్వుతాడు. నా హోటల్లో, నా ఎదురుగా.

ఇక నిన్నటిది విను. భోజనాల వేళ. బల్లలన్నీ నిండి ఉన్నాయి. నేను కౌంటరు దగ్గర చిల్లర ఇస్తుంటే, ఏదో మాడుతోందమ్మా అన్నాడు ఒకాయన. నిజమే, పాలు మాడిన కంపు. సాంబ్రాణికీ సిగరెట్టుకీ తేడా తెలియని నాకే ఘాటుగా తగిలింది. లోపలికి పరిగెత్తాను. పొయ్యి మీద పాల గిన్నె అడుగంటి నల్లగా పొగలు కక్కుతోంది. మీ అన్నయ్య దానికి వీపు పెట్టుకుని, చేతికి అందేంత దూరంలో నిలబడి, ఉల్లిపాయలు తరుగుతున్నారు. కూనిరాగం తీస్తున్నారు. నేను పొయ్యి కట్టేసి గిన్నె దించితే తిరిగి చూసి, ఏమైంది అన్నారు. ఎంత అమాయకంగా అన్నారో.

నాకు ఒళ్ళు మండిపోయింది. పంతానికి కాకపోతే ఏమిటది? అందరి ముందూ అనేశాను. మీకు ఈ హోటలు అక్కర్లేకపోతే చెప్పండి, నేను ఆ పరీక్షా రాయను, ఏమీ రాయను, షట్టరు దించేసి తాళం మీ చెల్లెలికి పంపిస్తాను అన్నాను. ఆయన మాడిన గిన్నె సింకులో పెట్టి తోముతూ నిలబడ్డారు. అది ఎంతకీ వదల్లేదు, ఆయనా వదల్లేదు.

అన్న మాట ప్రకారం చేస్తాను చిట్టీ. ఇవాళ క్లాసుకి వెళ్ళలేదు.

వదిన

ఆగస్టు 9

వదినా,

ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. అన్నయ్య నన్ను క్షమించకపోయినా సరే.

అన్నయ్యకి వాసన రావట్లేదు.

చలికాలంలో వాడికి జ్వరం వచ్చింది కదా, వారం మంచం మీద ఉన్నాడు. అప్పటి నుంచి. ఉప్పూ కారం నాలుకకి తెలుస్తున్నాయట, వాసన మాత్రం పూర్తిగా పోయింది. డాక్టరుకి చూపించుకున్నాడు. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట. ఇన్నాళ్ళూ చేతి అలవాటు మీద వండుతున్నాడు. మొన్న పాలు మాడుతుంటే వాడికి నిజంగానే తెలియలేదు వదినా. వెనక్కి తిరిగి ఉన్న మనిషికి ఎలా తెలుస్తుంది.

పరీక్ష అనగానే భయపడ్డాడు, అందులో సీసాలు పెడతారని నేను చెప్పాక మరీ భయపడ్డాడు. హాల్లో అందరి ముందూ బయటపడిపోతుందని. నువ్వు గ్లాసులు పెట్టినరోజు నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. తన చేత్తో పాడైపోయింది ఏదైనా వండి ఎవరికైనా పెట్టేస్తానేమోనని భయం. అలాంటిది జరక్కముందే పొయ్యి ఆ వంటాయనకి అప్పగించి తప్పుకోవాలనుకుంటున్నాడు.

నీకు ఎందుకు చెప్పలేదని అడుగుతావు. నేనూ అడిగాను. వచ్చిన ప్రతివాళ్ళకీ వాడి ముక్కు గురించి చెప్తావు కదా వదినా. అది చెప్తున్నప్పుడు నీ మొహం చూడాలనిపిస్తుందట వాడికి. ఆ మొహం ముందు ఈ మాట ఎలా చెప్పను అన్నాడు.

నన్ను తిట్టు, పడతాను. పరీక్ష మాత్రం మానకు.

చిట్టి

ఆగస్టు 14

చిట్టీ,

ఉత్తరం చేరింది. క్లాసుకి వెళ్తున్నాను. ఇప్పుడు ఇంతకంటే రాయలేను.

వదిన

సెప్టెంబరు 12

చిట్టీ,

పాసయ్యాను. సర్టిఫికెట్ కౌంటరు వెనక మేకు కొట్టి తగిలించాను. తనిఖీ ఆయన వచ్చి చూసి లైసెన్సు తిరగరాశాడు. షట్టరు దించక్కర్లేదు, తాళం నీకు పంపక్కర్లేదు.

నీ మీద కోపం వచ్చింది. నీ మీద కంటే ఆయన మీద వచ్చింది. డాక్టరుకి చెప్పారు, నీకు చెప్పారు, నేను ఎవర్ని? రెండు రోజులు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. మూడోరోజు పొద్దున్న ఆయన అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగిస్తుంటే నాకు తట్టింది, గ్యాసు లీకైనా ఈయనకి తెలియదు కదా అని. ఇన్ని నెలలూ అందరికంటే ముందు వచ్చి, ఒక్కరే పొయ్యి వెలిగిస్తున్నారు. కోపం ఎటుపోయిందో తెలియదు. ఆరోజే మనిషిని పిలిచి గ్యాసు పసిగట్టే అలారం పెట్టించాను. ఇదేమిటి అన్నారు. మేనేజరున్న హోటల్లో ఉండాలి అన్నాను. అలా పుస్తకంలో ఎక్కడా లేదు. ఉండాలి.

పరీక్షలో ఆ వాసన ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఈసారి సరిగ్గా టిక్కు పెట్టాను. పెట్టాక కాసేపు తర్వాతి ప్రశ్నకి వెళ్ళలేకపోయాను.

నాకు తెలుసని ఆయనతో చెప్పలేదు. ఆయనంతట ఆయన చెప్పాలనుకున్నాను. అదొక్కటీ నాకు పంతం. సర్టిఫికెట్ వచ్చిన మర్నాడు వంటగది గోడకి ఒక బోర్డు పెట్టించాను. పెద్ద అక్షరాలతో. "ఈ వంటగదిలో ఎవరూ వాసన చూసి సరుకు మంచిదో చెడ్డదో తేల్చరాదు. తేదీ చూడవలెను, థర్మామీటరు చూడవలెను. పొయ్యి మీద పాలు పెట్టినప్పుడు గంట కొట్టే గడియారం పెట్టవలెను. ఇట్లు, మేనేజరు." ఆ పొడుగాయన చదివి, మాస్టరుగారికి కూడానా అన్నాడు. అందరికీ అన్నాను. నాకు కూడా.

మీ అన్నయ్య చేతిలో గరిటెతో చాలాసేపు దాన్ని చదివారు. ఇది పుస్తకంలో ఉందా, నువ్వు పెట్టావా అన్నారు. గడియారం నేను పెట్టాను, మిగతాది పుస్తకమే అన్నాను. పేజీ తీసి చూపించాను. ముక్కుని నమ్మకూడదని రాసి ఉన్నచోట వేలు పెట్టి, మళ్ళీ చదివారు. పుస్తకం అంటే గిట్టని మనిషి. అలాగే బియ్యం బస్తా మీద కూర్చుండిపోయారు.

నేను వచ్చి కౌంటరు దగ్గర నిలబడ్డాను. చెక్క గోడకి అవతల ఏ చప్పుడూ లేదు. కాసేపటికి ఆయనే వచ్చారు.

"నాకు వాసన రావట్లేదు" అన్నారు.

"ఊఁ" అన్నాను.

"జ్వరం వచ్చినప్పటి నుంచీ. మళ్ళీ వస్తుందో రాదో తెలియదు."

"ఈ హోటల్లో వాసనతో పని లేదు. బోర్డు చదివారు కదా."

"నువ్వు అందరికీ చెప్తావు కదా, నా ముక్కు..."

"ఇకనుంచి చెయ్యి గురించి చెప్తాను" అన్నాను.

ఎలా తెలిసిందని అడగలేదు. అడిగినా నీ పేరు చెప్పేదాన్ని కాదు. ఆ వంటాయనని రావద్దని చెప్పమంటావా అన్నారు. ఆయన ఉంటాడు, మీ కింద ఉంటాడు, నాకూ మోకాలికీ కాస్త సుఖం అన్నాను. సరే అని తల ఊపి, అరచేత్తో కళ్ళు తుడుచుకుని, అటు తిరిగి గరిటె అందుకోబోయారు.

ఆగండి అన్నాను. కళ్ళు తుడుచుకున్న చేతులు సబ్బుతో కడుక్కోకుండా వంట ముట్టుకోకూడదు.

ఆయన సింకు దగ్గరికి వెళ్ళారు. పంపు తిప్పి, నా వైపు చూసి, మరి నీవి అన్నారు.

నేనూ వెళ్ళి కడుక్కున్నాను.

నీ వదిన